అడుగు గీత

వదినా, నేను కులాసా, నా గురించి బెంగ వద్దు. ఈ కుట్టు కార్ఖానాలో భోజనానికి లేస్తే చాలు, మన మిషను ఇంకొకరు లాగేసుకుంటారు. ఇక్కడ పనిచేసేది ఎక్కువగా చైనావాళ్లే, అందుకని ‘తిరిగి రావడం’ అనే చైనా అక్షరాన్ని బల్ల మీద సుద్దతో రాయడం నేర్చుకున్నాను. పెద్ద డబ్బాలో చిన్న డబ్బా, అంతే. మొదటిసారి పెద్ద డబ్బా ముందే మూసేశాను. పక్క మిషను ఆవిడ ఒకటే నవ్వు: “లోపలికి రాకముందే తలుపేసేస్తావేంటి పిల్లా? అడుగు గీత ఆఖర్న!” ఇప్పుడు నా మిషను జోలికి ఎవరూ రారు.

చంటాడి దగ్గు తగ్గిందా? ఇంట్లో ఉన్న నా కుట్టుమిషను అమ్మేస్తానంటున్నాడట అన్నయ్య! ఆయనకు నమస్కారాలు, కోపంగానే. కింద ఆ అక్షరం గీశాను, కత్తిరించి మిషను మీద అంటించు. అడుగు గీత కావాలనే వదిలేశాను. వచ్చాక నేనే వేస్తాను.

నీ ఆడపడుచు