మా ప్లాట్లో రెండు శిలాఫలకాలు

మస్కట్,
డిసెంబరు 2023

నోటితో పలకరించనని ఒట్టు పెట్టుకున్నందుకు, చేత్తో నేను పలకరిస్తాండే సిద్ధప్ప బావకు నమస్కారం.

ప్రపంచకప్ ఫైనల్ పోయిన రాత్రి ఈడ కడుపు మండి ఫోన్ చేస్తే నువ్వేమంటివి? "వాళ్లను ఇడ్సిపెట్టప్పా, నా చెల్లెల్ని చేసుకున్న కొత్తలో ఆదోని మీద ఫైనల్లో నువ్వు ఎల్బీడబ్ల్యూ అయి మన ఎమ్మిగనూరును ముంచలేదా" అంటివి. ఇరవై ఏండ్ల పుండు బావా అది! బాలు లెగ్ స్టంపు బయటికి పోతాండె. నువ్వు అంపైరువై, సొంత ఊరి టీములో, సొంత చెల్లెలి మొగునికి వేలెత్తినావు. అట్లాంటి మనిషి ఈ భూమ్మీద ఇంకొకడు లేడు. నేను నాటౌటని నీ నోటితో అనేదాకా నీతో మాటల్లేవు. రాతలు వద్దని ఒట్టు పెట్టుకోలేదు కాబట్టి కాగితం మీద రాసి, ఫోటో తీసి, వాట్సాప్‌లో పంపుతాండా. నువ్వూ అట్లనే చెయ్.

అసలు సంగతి. నేను వచ్చేస్తాండా. ఈసారి నిజంగానే. ఈడ రోడ్లు అద్దాల లెక్క ఉంటాయి, అయినా మనసు ఆదోని రోడ్డు మీదనే ఉంటాది. ఆ రోడ్డున బస్సులో పోతే కడుపులో జొన్న రొట్టె మళ్లీ పిండయితాది, అది వేరే మాట. దేశం ఎట్ల బాగుపడాలనో రోజూ ఫేస్‌బుక్‌లో పెడతాండా. నీ చెల్లెలు భాగ్య ఒక్కతే లైక్ కొడతాది, అదీ చదవకుండా.

ఎలక్షన్ల లోపల వచ్చి, ఆదోని రోడ్డు పక్కనుండే మన ప్లాట్లో ఇల్లు మొదలుపెట్టాల. ఆడ ఎవరెవరో క్రికెట్ ఆడుతాండారంట. వాళ్లను ఎల్లగొట్టి, చుట్టూ రాతి కడీలు పాతించి, కంచె వేయించు. నీ చెల్లెలు బాడిగింట్లో గోడకు మేకు కొట్టాలన్నా ఓనరును అడగాల్సి వస్తాంది. ఇంకెన్నాళ్లు?

ఇట్లు,
మాటల్లేని
కుమారస్వామి

తా.క.: లెగ్ స్టంపు బయట.


ఎమ్మిగనూరు,
జనవరి 2024

మస్కట్‌లో కూర్చుని దేశాన్ని మోస్తాండే కుమారస్వామికి, మగ్గం గుంతలో కూర్చుని నిన్ను మోస్తాండే సిద్ధప్ప దీవెనలు.

నువ్వు సెప్పినట్టే ట్రాక్టర్లో కడీలేసుకుని ప్లాటు కాడికి పోయినా. ఆడ ఆడేవాళ్లు చిన్న పిల్లోళ్లు కాదప్పా, ఎల్లగొట్టడానికి. పొద్దున ఆటో డ్రైవర్లు, మధ్యాన్నం పని దొరకని కూలోళ్లు, సాయంత్రం మన మగ్గాలోళ్లు. కెప్టెన్ జాషువా. ఆదోని మార్కెట్‌యార్డులో హమాలీ, పత్తి బోరెం ఎత్తినట్టే సిక్సర్ ఎత్తుతాడు. "టోర్నమెంటు అయిపోనీ అన్నా, మేమే కడీలు పాతిస్తాం" అన్నాడు. సరే అన్నా. కానీ సెమీఫైనల్ ఆడాల్సిన కోసిగి టీము సగం మిరపకాయల కోతకు గుంటూరు వలస పోయింది. వాళ్లు తిరిగొచ్చేదాకా వాయిదా.

ఇంకొకటయింది. "ఈ కడీలు ఎవరికన్నా?" అని జాషువా అడిగితే, "మస్కట్ నుంచి మా కుమారస్వామి వస్తాండాడు, ఎలక్షన్ల లోపల" అన్నా. అంతే, అందరూ ఒకరి మొగాలు ఒకరు చూసుకున్నారు. సాయంత్రానికి బస్టాండు టీ బంకు కాడ ఒకటే మాట: కుమారస్వామి పోటీ చేస్తాండాడు, గ్రౌండు కట్టించి ఓట్లు అడుగుతాడు అని. ఇల్లు కట్టుకోడానికప్పా అంటే నవ్వుతాండారు. ఓట్ల ముందర ఫారిన్ నుంచి దిగేవాడు ఇంటి కోసం వస్తాడంటే మన కాడ ఎవడు నమ్ముతాడు?

తెల్లారేసరికి అధికార పార్టీ తిరుపాల్ టెంకాయ పట్టుకుని దిగినాడు. నీ ప్లాట్లో ఒక కొసన ఇటుకల దిమ్మె కట్టించి, నాపరాయి పలక నిలబెట్టి, "మినీ స్టేడియం శంకుస్థాపన" అని గుడ్డ తీసినాడు. "ఇది మావాని ప్లాటన్నా" అంటే, "అందుకే ముందుగా వేస్తాండాం" అన్నాడు. టెంకాయ చిప్ప నాకిచ్చినాడు, మంచోడే.

ఇట్లు,
సిద్ధప్ప

తా.క.: మిడిల్ స్టంపు.


మస్కట్,
ఫిబ్రవరి 2024

నా ప్లాట్లో నేను లేకుండానే టెంకాయ చిప్ప తిన్న బావకు,

సిగ్గుండాల! నా స్థలంలో రాయి పాతేదానికి వాడెవడు? అడ్డం పండుకోవాల్సిన నువ్వు కొబ్బరి నములుతా నిలబడినావా? నేను కలెక్టరుకు రాస్తా, ముఖ్యమంత్రికి రాస్తా, ఫేస్‌బుక్‌లో లైవ్ పెడతా.

ఇంతవరకూ రాసి టీ తాగొచ్చినా. టీ తాగుతా రొంత ఆలోచించినా. బావా, జనం నిజంగా అట్ల అనుకుంటాండారా? ఎవరెవరు అన్నారు? పేర్లతో రాయి. నాకు రాజకీయాలంటే అసహ్యమని నీకు తెలుసు. వార్డు మెంబరు ఎదురొస్తే సందు మారేవాన్ని. అయినా జనమే కోరుకుంటే కాదనేదానికి నేనెవర్ని?

ఊరికే ఉండలేక కొన్ని రాసి పెట్టుకున్నా. ఆదోని రోడ్డు మస్కట్ రోడ్డు లెక్క చేయాల. కాలవ నీళ్లు ఆఖరి మడిదాకా పారాల. ఎమ్మిగనూరు టవలు లేని ఇల్లు గల్ఫ్‌లో ఉండకూడదు. ఆదోని మార్కెట్‌యార్డులో హమాలీలకు ఏసీ. గోడల్లేని షెడ్డుకు ఏసీ ఎట్ల పెడతారని మా రూములో ఒకడు అడిగినాడు. ఇట్లాంటోళ్ల వల్లనే దేశం ఇట్లుంది.

నా ఫోటో పంపుతాండా. పెద్ద ఫ్లెక్సీ వేయించి ప్లాట్లో కట్టించు. కోటు మా సూపర్వైజర్ది, సాయంత్రానికి తిరిగిచ్చేసినా. మొగం మాత్రం నాదే.

ఇట్లు,
మీ వాడు, మన వాడు, అందరి వాడు
కుమారస్వామి

తా.క.: రెండు పార్టీలూ టికెట్ ఇస్తామంటే దేంట్లో చేరాల? ఇద్దరి సిద్ధాంతాలూ నాకు ప్రాణమే. ఎవరు గెలుస్తారో కనుక్కుని చెప్తే, ఎవరివి ఎక్కువ ప్రాణమో తేల్చుకుంటా.


ఎమ్మిగనూరు,
మే 2024

అందరి వానికి, అంపైర్ సిద్ధప్ప ఆశీర్వాదాలు.

ఆలస్యానికి ఏమనుకోవద్దు. ఈడ శానా జరిగింది. తిరుపాల్ రాయి వేసినాడని తెలిసి ప్రతిపక్షం నాగేంద్ర నిద్రపోలేదు. "మేమొస్తే ఇంకా పెద్ద స్టేడియం" అని రెండో కొసన ఇంకొక రాయి నిలబెట్టినాడు. జాషువా అడుగులేసి కొలిచి, "ఇంకో రెండడుగులు ఇటు జరుపన్నా" అంటే పాపం జరిపినాడు. ఇప్పుడు సరిగ్గా పిచ్ పొడుగుకు రెండు పక్కలా రెండు వికెట్లు! కట్టెలు పాతే పని తప్పింది. బౌలింగ్ అధికార పక్షం ఎండ్ నుంచా, ప్రతిపక్షం ఎండ్ నుంచా అని టాస్ కాడ అడుగుతాండారు.

ఎలక్షన్ కోడ్ వచ్చినాక ఆఫీసర్లొచ్చి రెండు రాళ్లకూ గుడ్డ చుట్టమన్నారు. టవల్లు నేనే ఇచ్చినా. బాలు తగిలినా సప్పుడు రాదు, బౌల్డా కాదా అని రోజూ రచ్చ.

నీ ఫ్లెక్సీ కట్టినాం. ప్రతిపక్షం ఎండ్‌లో, బౌలర్ చెయ్యి వెనకాల. బాలు తేటగా తెలియాలంటే వెనక తెర ఉండాలని, తెల్ల పక్క ముందరికి తిప్పి కట్టినారు. నీ మొగం ఆ వైపు మురుగుకాలవకేసి ఉంది. గేదెలు చూస్తాండాయి.

కోసిగి వాళ్లు రానే వచ్చినారప్పా! ఓట్లకు వలసోళ్లను తీసుకురానికి రెండు పార్టీలూ పోటీ పడి బస్సులేసినారు. బ్యాట్స్‌మన్లు తిరుపాల్ బస్సులో, బౌలర్లు నాగేంద్ర బస్సులో దిగినారు. ఓటేసిన వేలితోనే సెమీఫైనల్ ఆడినారు. వాళ్లు గెలిచినారు. ఓట్లలో ఎవరు గెలిచినా స్టేడియం వస్తాదని ఆడేవాళ్లందరికీ పిచ్చి సంబరం, నాకు మాత్రం నవ్వొచ్చింది.

ఇట్లు,
సిద్ధప్ప

తా.క.: టికెట్ గురించి ఇద్దర్నీ అడిగినా. "ఏ బస్సుకు?" అన్నారు.


మస్కట్,
జూలై 2024

బావకు,

టీ20 ప్రపంచకప్పు గెలిచినాం. ఆ రాత్రి నీకు ఫోన్ చేయాలని చెయ్యి గుంజింది. ఒట్టు గుర్తొచ్చి, పక్క రూములో నిద్రపోతాండే మలబారు అతన్ని లేపి, వాటేసుకుని ఎగిరినా. వానికి క్రికెట్టే తెలియదు. దొంగలు పడినారనుకున్నాడు.

ప్రభుత్వం మారింది. ఒక్క పార్టీ వాడన్నా నాకు ఫోన్ చేసినాడా? నామినేషన్లు అయిపోయేదాకా ఫోన్ ఛార్జింగులోనే పెట్టుకుని పండుకున్నా. పోనీ, రాజకీయం మీద ఉమ్మేసినా. ఇంక ఇల్లే.

కానీ భాగ్య ఫోన్లో అన్నీ సెప్పింది. ఆదివారమాదివారం నా ప్లాట్లో తెల్లటోపీ పెట్టుకుని అంపైరింగ్ చేసేది నువ్వేనంట! నా కడీలు బౌండరీకి పాతినావంట. టవల్లు ఇచ్చింది నువ్వు, ఫ్లెక్సీ తిప్పింది నువ్వు, ఇద్దరితో రాళ్లు వేయించింది కూడా నువ్వేనేమో, ఎవరికి తెలుసు? నా ఇల్లు లేవడం నీకు ఇష్టం లేదు. సూటిగా అడుగుతాండా, నేను తిరిగి రావడమే నీకు ఇష్టం లేదా?

బావా, ఇరవై ఏండ్లుగా నేను పై మంచం మీద పండుకుంటాండా. కింద ఒకడు తిరిగితే నా మంచం ఊగుతాది. నా గడప, నా తలుపు, దానికి నా గొళ్లెం, అంతే కావాల నాకు. ఇంతకంటే ఏమీ అడగలేదు. వచ్చే నెల దిగుతాండా. ఆ రాళ్లు నేనే పగలగొడతా, ఎవరు అడ్డమొస్తే వాళ్లను తోస్తా, నిన్ను కూడా.

కుమారస్వామి

తా.క.: ఈసారి తా.క. లేదు. అంత కోపంగా ఉన్నా.


ఎమ్మిగనూరు,
ఆగస్టు 2024

కోపంలో కూడా తాజాకలం మర్చిపోని కుమారస్వామికి, సిద్ధప్ప రాసేది.

నీ అనుమానం నిజమే. రాళ్లు వేయించింది నేనే.

ఇప్పుడు దీంతో పాటు నేను పంపిన ప్లాటు ఫోటో తెరిచి చూడు. నీ ప్లాటుకు ఎడమ పక్క ఆస్పరి గిరిజమ్మ టీచర్ది. రిటైరయితే ఇల్లు కట్టుకుందామని కొనింది. దాంట్లో తిరుపాల్ మనుషుల షెడ్డు లేచింది. ఆయమ్మ కాగితాలు పట్టుకుని కోర్టు మెట్లెక్కుతాంది. కుడి పక్క కువైట్ జయన్నది. దాంట్లో నాగేంద్ర బామ్మర్ది నీళ్ల ప్లాంటు పెట్టినాడు. వెనకాలది ఎవరిదో ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఓనరు ఊర్లో లేడని తెలిస్తే చాలప్పా, ఆక్రమించేదానికి కొలతల టేపు పట్టుకుని వస్తారు.

నీ మొదటి ఉత్తరం వచ్చేముందే నీ ప్లాటుకూ టేపు పట్టినారు. నేను చూసినా. రాత్రంతా మగ్గం ముందర కూర్చున్నా గానీ పోగు కదల్లేదు. కడీలు పాతితే పెరికేస్తారు. నేనొక్కన్ని అడ్డం నిలబడితే నన్నూ పెరికేస్తారు. అప్పుడే నువ్వు ఎలక్షన్ల లోపల వస్తానని రాసినావు. టీ బంకు కాడ "మావాడు పోటీ చేస్తాండాడు" అని మొదట అన్నది నేనే. తిరుపాల్ చెవిలో నాగేంద్ర రాయి వేస్తాండాడని ఊదినా, నాగేంద్ర చెవిలో తిరుపాల్ వేసేసినాడని ఊదినా. ఇప్పుడు వాని రాయి వీడు ముట్టుకోలేడు, వీని రాయి వాడు ముట్టుకోలేడు. ముట్టుకుంటే ఊరు రెండయితాది. పొద్దున్నుంచి సందెదాకా ప్లాట్లో మనుషులు నిలబడే ఉంటారు. ఇంతకంటే గట్టి కంచె యాడ దొరుకుతాది?

నీకెందుకు సెప్పలేదంటావా? సెప్పింటే ఆ సాయంత్రమే "మా బావ ప్లాను" అని ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టింటావు. భాగ్య లైక్ కొట్టింటాది, చదవకుండా.

నువ్వు రా. రాళ్లు పగలగొట్టొద్దు, వాటికి గిరాకీ ఉంది. బహ్రెయిన్‌లో ఉండే గోనెగండ్ల పెద్దయ్య, "మీ స్టేడియం ఖాళీ అయితే మా ప్లాటుకు పంపు సిద్ధప్పా" అని కబురు పెట్టినాడు. ఆయన తర్వాత దోహాలో ఉండే సామ్సన్ వరసలో ఉన్నాడు. జాషువా వాళ్లు రెండు పలకలూ ట్రాక్టర్లో వేసుకుని పోయి ఆడ నిలబెడతారు. శంకుస్థాపన చేసినోళ్లకు తెలియదులే. ఆ పొద్దు టెంకాయ కొట్టి పోయినోళ్లు మళ్లా ఇటు తొంగి చూస్తే కదా. ప్రభుత్వం మారినాక ఎండ్ల పేర్లు తారుమారు చేసుకోలేక మేమే సచ్చిపోతాండాం.

నిన్న భాగ్య ప్లాటుకొచ్చింది. కట్టెతో నేల మీద ఈడ వంటిల్లు, ఆడ తలుపు అని గీతలు గీసుకుంది. క్రీజు కాడ నీ గడప వస్తాది. జాషువా ఆ గీతలు తొక్కనీయకుండా ఫీల్డింగ్ పెట్టినాడు. వంటింట్లో క్యాచ్ పట్టినోన్ని చెప్పులు ఇడ్సి పోలేదని తిట్టినాడు. నేను అవతలికి పోయి కండ్లు తుడుచుకున్నా. దుమ్ము కాదప్పా, ఏడుపే.

ఇట్లు,
నీ తలుపుకు గొళ్లెం కొని పెట్టిన
సిద్ధప్ప

తా.క.: నీ ప్లాటు కోసం ఊరందరికీ అబద్ధాలు సెప్పినా. ఇంకా కావాలంటే సెప్తా. కానీ ఆ బాలు మిడిల్ స్టంపు మీదికే పోతాండె, నువ్వు ఔటే. మాటల్లేకపోతే లేకపోనీ. నీ అరుగు మీద ఆ కొసన నువ్వు, ఈ కొసన నేను కూర్చుని ఉత్తరాలు రాసుకుందాం. మధ్యలో భాగ్య టీ తెచ్చినప్పుడు అందిస్తాది.