అత్తయ్య అడగమంది

ప్రియమైన మామయ్యగారికి,

నమస్కారాలు. ఉత్తరం ఇంటికి కాకుండా మీ సెలూన్‌కి రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇంటికి రాస్తే ముందు అత్తయ్య చేతిలో పడుతుంది. ఫోను చేద్దామంటే, అది చెవికి ఆనించగానే మీరు మూగనోము పడతారు.

సంగతేమిటంటే, పోయిన నెల మా సరుకు రవాణా ఆఫీసులో ఒక వింత జరిగింది. నేను కాగితాలు తయారుచేసి పంపిన కంటైనరు ఒకటి రేవులో ఆగిపోయింది. అందులో ఉన్నవి కుట్టుమిషన్ల విడిభాగాలు, బాంబులేం కావు. కాగితాల్లో అక్షరం తప్పు లేదు. విచారిస్తే, సరుకు పంపే దేశమూ తీసుకునే దేశమూ తెల్లారేసరికల్లా మాట్లాడుకోవడం మానేశాయట! “పెద్దోళ్ళ గొడవలు మనకెందుకమ్మా, నీ పని నువ్వు చూసుకో” అన్నాడు మా మేనేజరు. చూసుకుంటూనే ఉన్నాను గానీ, ఎందుకు మానేశాయన్న ప్రశ్న చెవిలో జోరీగలా తిరుగుతోంది.

అంతర్జాతీయ సంబంధాలు అని ఒక ఎం.ఏ. ఉందట. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో చదవొచ్చు. రెండు యూనివర్సిటీల వివరాలు తెప్పించాను. మొదటిది రెండేళ్ళు. అంతా ఇంట్లో కంప్యూటరు ముందే. పరీక్షలు కూడా సరైన జవాబుకి టిక్కు పెట్టేవే. రెండోది మూడేళ్ళు. నచ్చిన ప్రశ్న ఒకటి పట్టుకుని దానిమీద మనమే పరిశోధన చేసి రాయాలి. ఏడాదికోసారి పది రోజులు అక్కడికి వెళ్ళి ఉండాలి. ఒక్కొక్కరూ ఒక్కో దేశం తరఫున కూర్చుని వాదించుకోవాలట.

మీ అబ్బాయి “డిగ్రీ ఏదైనా డిగ్రీయే, సులువైంది చూసుకో” అంటున్నారు. నా మనసేమో రెండోదాని మీదే ఉంది. కానీ ఆ పది రోజులు మీ మనవరాలు చిట్టిని ఎవరు చూసుకుంటారు? ఆయనవన్నీ రాత్రి షిఫ్టులు. అత్తయ్య రావాలి. అత్తయ్యని అడగాలంటే నాకు భయం. కాస్త మెల్లగా ఆవిడ మనసు కనుక్కుని రాస్తారా? దరఖాస్తుకి నెలాఖరు దాకా గడువుంది.

మీ కోడలు

*

కోడలమ్మకు ఆశీస్సులు.

ఉత్తరం అందింది. పోస్టుమాన్ గడ్డానికి సబ్బు పూయించుకుని, ఆ తర్వాత గుర్తొచ్చి సంచిలోంచి తీసి ఇచ్చాడు. కొంచెం తడిసింది. చదవడానికి ఇబ్బంది లేదు.

అత్తయ్య చెవిన వేశాను. వెంటనే అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఒక మాట నిన్ను అడగమంది. మాటలు మానేసిన రెండు దేశాలు ఎప్పటికైనా మళ్ళీ మాట్లాడుకోవాలి కదా. అప్పుడు ముందు ఎవరు మాట్లాడతారు? నేను ముందంటే నేను ముందనరు కదా, నువ్వు ముందంటే నువ్వు ముందంటారు. ఆ చిక్కు ఎలా విప్పుతారో ఆ చదువులో చెబుతారా అని.

ఆ కుట్టుమిషన్ల భాగాలు ఏమయ్యాయో కూడా అడగమంది.

ఇక్కడ అందరం క్షేమం. సెలూన్ కుర్చీకి స్ప్రింగు పోయింది. కూర్చున్నవాళ్ళు ఒక పక్కకి ఒరుగుతున్నారు.

మీ మామయ్య

*

ప్రియమైన మామయ్యగారికి,

నిజంగా అత్తయ్యే అడిగారా! ఫోనులో ఆవిడ ఎప్పుడూ చిట్టి తిందా, పడుకుందా, దగ్గు తగ్గిందా అనే తప్ప నాలుగో మాట ఎత్తరు. ఆవిడ మనసులో దేశాల సంగతి ఉందని నేను కల్లో కూడా అనుకోలేదు.

ఆవిడ ప్రశ్ననే రెండు యూనివర్సిటీలకీ పంపాను. మొదటి చోటు నుంచి ఒకమ్మాయి వెంటనే ఫోను చేసింది. “మేడమ్, అది సిలబస్‌లో లేదు మేడమ్. అడ్మిషన్ ఈరోజే తీసుకుంటారా?” అంది. రెండో చోటు నుంచి నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. చివరికి పాఠం చెప్పే ఆవిడే జవాబు రాశారు. “ఇదీ అని చెప్పడానికి నాకూ తెలియదు. చాలాసార్లు మూడో దేశం ఒకటి మధ్యలో ఉండి అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేరవేస్తుంది. మొట్టమొదట ఎవరికి మాట్లాడాలనిపిస్తుందో మాత్రం అంతుపట్టదు. మీరు వస్తే కలిసి వెతుకుదాం” అని.

మూడో దేశం అనగానే నాకు మన ఇల్లే గుర్తొచ్చి నవ్వాగలేదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మీరు గోడ గడియారం వైపు చూస్తూ “వేన్నీళ్ళు కాగాయేమో” అనేవారు. నేను పొయ్యి వైపు చూస్తూ “కాగాయి” అనేదాన్ని. మధ్యలో అత్తయ్య, “ఆ గడియారానికీ ఈ పొయ్యికీ నన్నెందుకు టెలిఫోను తీగ చేశారు?” అని ఇద్దర్నీ కలిపి వాయించేవారు. ఇప్పటికీ మనిద్దరం ఎదురుపడితే నాలుగు మాటలు దాటవు. ఉత్తరంలో మాత్రం నేను ఇలా వాగుతున్నాను.

మొదటిదాన్ని వదులుకుందామనే అనిపిస్తోంది. కానీ ఇరవై మంది ముందు లేచి ఒక దేశం తరఫున నోరు తెరవాలంటే భయంగా ఉంది. అన్నిటికీ మించి ఆ పది రోజుల సంగతి. అత్తయ్య ఏమంటారో కనుక్కోండి. అంతా ఆవిడ చేతిలోనే ఉంది.

విడిభాగాలు ఇంకా రేవులోనే ఉన్నాయి. అవి కదిలితే ముందు మీకే రాస్తాను.

మీ కోడలు

*

కోడలమ్మకు ఆశీస్సులు.

అత్తయ్య అన్నమాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. అన్నీ తెలుసన్నచోట కంటే తెలియదన్నచోట చదవడం మేలు అంది.

పది రోజులకూ సరే అంది. నువ్వు ధైర్యంగా చేరు.

నోరు తెరవాలంటే భయమన్నావు. దానికి మాత్రం అత్తయ్య ఏమీ చెప్పలేకపోయింది. ఆమెకు ఆ జబ్బు ఎప్పుడూ లేదు. నాకు తోచింది రాస్తాను. నా కుర్చీలో కూర్చున్నవాళ్ళంతా మాట్లాడతారు. రిటైరైన కండక్టరు రోజూ వచ్చి ఏ దేశం ఏ దేశాన్ని కొట్టాలో చెప్పి పోతాడు. నేను ఊఁ అంటాను. ఆ ఊఁ కూడా అనకపోతే ఆయన ఆగిపోతాడు. కాబట్టి ఊఁ తో మొదలుపెట్టు.

ఇంకోటి. కత్తి తుడుచుకునే పేపరు ముక్కలో, ఒక దేశం తన రాయబారిని వెనక్కి పిలిపించుకుందని ఉంది. మిగతా సగం సబ్బు నురగ అంటుకుని చిరిగిపోయింది. అలా వెనక్కి వచ్చిన రాయబారి ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడు? జీతం ఇస్తారా? అవతలి దేశంలో ఆయన అద్దెకున్న ఇంటికి తాళం ఎవరు వేస్తారు? అత్తయ్య అడగమంది.

మీ మామయ్య

*

ప్రియమైన మామయ్యగారికి,

రెండోదానికే దరఖాస్తు పంపేశాను! సీటు కూడా ఖాయమైంది. మొదటి పది రోజుల తరగతులు వచ్చే నెలలోనే. వాటికి వెళ్ళకపోతే సీటు ఉండదట.

పరిశోధనకి ఏ ప్రశ్న తీసుకుంటావని అడిగితే, అత్తయ్యగారి మొదటి ప్రశ్నే రాశాను. రాయబారికి జీతం ఇస్తారని అనుకుంటున్నాను. తాళం సంగతి అక్కడికి వెళ్ళాక అడుగుతాను.

ఆదివారం అత్తయ్యకి ఫోను చేసి స్వయంగా కృతజ్ఞత చెప్పుకుంటాను. ఆవిడంటే ఇన్నాళ్ళూ ఊరికే భయపడ్డాను.

మీ కోడలు

*

మామయ్యగారికి,

ఏమిటండీ ఇది?

ఆదివారం ఫోను చేశాను. “అత్తయ్యా, మీరు ఒప్పుకున్నందుకు నాకెంత సంతోషంగా ఉందో” అన్నాను.

“దేనికి ఒప్పుకున్నానే?”

“అదే, పది రోజులు చిట్టిని చూసుకోవడానికి.”

“ఎవరితో ఒప్పుకున్నాను? కల్లోనా?”

“మరి రాయబారి ఇంటికి తాళం ఎవరు వేస్తారని అడిగారు కదా?” అన్నాను.

“ఏ రాయబారే? నేనడిగింది ఒక్కటే. ఈ మధ్య మీ మామయ్య గడ్డం కత్తి చేత్తో పట్టుకుని తనలో తను నవ్వుకుంటున్నాడేమిటి, గాలేమైనా సోకిందా అని పక్కింటావిడని అడిగాను. అయితే ఇదన్నమాట! నేను బతికుండగానే నా పేరు మీద మీరిద్దరూ రాజ్యాలు ఏలుతున్నారన్నమాట!”

ఫోను పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

మీమీద చాలా కోపం వచ్చింది. సీటు తీసుకున్నాను. ఆఫీసులో సెలవు అడిగాను. మీ అబ్బాయితో “చూశారా, మా అత్తయ్య!” అని గొప్పలు కూడా పోయాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఎవరితో ఏం చెప్పాలి? ఆ పది రోజులకి వెళ్ళలేకపోతే అంతా బూడిదలో పోసిన పన్నీరే.

రాత్రి షిఫ్టు నుంచి ఆయన వచ్చేదాకా మీ ఉత్తరాలు ముందేసుకుని కూర్చున్నాను. మళ్ళీ చదివితే కోపం నిలబడలేదు. “అత్తయ్య అడగమంది” అన్నచోటల్లా మీరే కనిపించారు. మధ్యలో మూడో దేశమే లేదు. అడిగిందంతా మీరే.

ఈసారి అత్తయ్య పేరెత్తకుండా రాయండి. నన్ను చదవమంటారా, మానమంటారా?

మీ కోడలు

*

అమ్మా,

అడిగింది నేనే. తెలియదన్నచోట చదవడం మేలన్నదీ నేనే.

మీ అత్తయ్యకు చెబుదామని మూడుసార్లు నోరు తెరిచాను. తెరిచినప్పుడల్లా “ఏంటి, ఆకలేస్తోందా?” అంది. అవునన్నాను. అన్నం పెట్టింది. ఎలాగూ అడుగుతాను కదా, సరే అందని ముందు రాసేస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. ఏమైందో చూశావు.

ఫోను వచ్చిన రోజు నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. గిన్నెలు మాత్రం మాట్లాడాయి. నాకు వేరే దారి తోచక నీ ఉత్తరాలన్నీ తెచ్చి ఆమె ముందు పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచీ చదివింది. టెలిఫోను తీగ దగ్గర నవ్వింది. నవ్వు నాకు కనపడకూడదని అటు తిరిగింది గానీ వీపు కదిలింది.

చివరికి అంది. “ప్రశ్నలు బాగానే ఉన్నాయి. నేనే అడిగానంటే నాకేం నామోషీ కాదు. ఆ పిల్ల చదువుకోవాల్సిందే. నన్నొక్క మాట అడిగితే రానంటానా? కానీ వాళ్ళింటి మూడంతస్తుల మెట్లు నా మోకాళ్ళు ఎక్కవు. సరే అన్న నోరు మీది. కాబట్టి వెళ్ళే కాళ్ళూ మీవే.”

అందుకని చిట్టిని చూసుకోవడానికి నేను వస్తున్నాను. సెలూన్ మూస్తున్నానని చెబితే కండక్టరు బెంగపడ్డాడు. పది రోజులు ప్రపంచం సంగతి ఎవరు చూసుకుంటారంటున్నాడు.

చిట్టికి జడ వేయడం నాకు రాదు. ఇన్నేళ్ళూ జుట్టు తీయడమే తప్ప అల్లడం ఎరగను. మీ అత్తయ్య పాత తువ్వాలును మూడు పేలికలుగా చింపి, కిటికీ ఊచకు కట్టి నేర్పుతోంది. పాయ తప్పినప్పుడల్లా చేతి మీద కొడుతోంది. నా పెట్టెలో కత్తెర ఉందేమోనని వెతికి, తీసి దాచింది.

నువ్వు చదువు. ఇది నా మాట.

ముందు ఎవరు మాట్లాడతారన్నది నువ్వు మూడేళ్ళు వెతికి రాస్తావు. నేను అందాకా ఆగలేను. బస్సు దిగగానే ముందు నేనే మాట్లాడతాను. గడియారం వైపు చూడను. “బాగున్నావా అమ్మా” అంటాను. సెలూన్లో ఎవరూ లేనప్పుడు అద్దం ముందు నిలబడి అని చూసుకుంటున్నాను. నువ్వు వెంటనే జవాబు చెప్పు. ఆలస్యమైతే మళ్ళీ నా నోరు మూతపడుతుంది.

మీ మామయ్య

ఆ కుట్టుమిషన్ల భాగాలు కదిలాయా? నేనే అడుగుతున్నాను.