కన్వర్ట్ ఎవలింటోల్లు?

నవంబర్ 3, సోమవారం

తీర్మానం! లినక్స్ గురించి ఇక బామ్మర్ది జాన్సన్‌కు ఫోన్ చేయను. చేస్తే నా పేరు బెంజమిన్ కాదు.

సుల్తానాబాద్‌లో మా చర్చి కంప్యూటర్ ముసలిదైపోయింది. సెలవు మీద దోహా నుంచి వచ్చిన జాన్సన్ దాంట్లో విండోస్‌కు బదులు లినక్స్ ఎక్కించిపోయాడు. అప్పటి నుంచి కంప్యూటర్‌కు బాధ్యుణ్ని నేను, నాకు బాధ్యుడు వాడు. ఏది అడిగినా "గంతేనా బావా?" అని నవ్వుతాడు. ఆ నవ్వు మా ఆవిడ మహిమకు కూడా వినిపిస్తుంది. స్పీకర్ ఆన్ చేసేది ఆవిడే.

ఇప్పుడు పడ్డ పని చిన్నది. పదహారున కోత పండుగ. అందరూ తెచ్చిన పంటను చర్చిలో వేలం వేస్తాం. బతికున్నన్నాళ్లూ గుమ్మడికాయను నాన్నే, మా బాపే, పాడుకునేవాడు. ఆఖరిసారి దాన్ని ఎత్తుకుని పడీపడీ నవ్వుతుంటే జాన్సన్ ఫోటో తీశాడు. బాపు నవ్విన ఫోటో అదొక్కటే ఉంది.

అమ్మ, మా అవ్వ, అడిగింది. "కొడుకా, గుమ్మడికాయ పాట రాంగనె మీ బాపును గా పెద్ద తెర మీద సూపియ్యి. ఒక్కసారి నిండుగ సూస్త."

ఐఫోన్ ఫోటో. మా కంప్యూటర్‌లో తెరుచుకోదు. వేరే రకంలోకి మార్చాలి. అంతే!

నవంబర్ 4

దొరికింది! నల్ల తెర మీద ‘కన్వర్ట్’ అని కమాండ్ కొడితే ఫోటో మారుతుందట. ఇంత సులువా! కొట్టాను.

‘కన్వర్ట్: కమాండ్ నాట్ ఫౌండ్.’

ఆ కమాండ్ మా దాంట్లో లేదు. అది ఉన్న ప్యాకేజీ, అంటే ప్రోగ్రాముల మూట, నెట్ నుంచి తెచ్చి ఎక్కించాలి. సరే, కన్వర్ట్ అనే ప్యాకేజీ ఇమ్మన్నాను. అలాంటిది లేనే లేదంది.

నవంబర్ 6

తెలిసిపోయింది! కమాండ్ పేరు వేరు, ప్యాకేజీ పేరు వేరు. మన పేరు, ఇంటిపేరు లాగా.

అవ్వకు అలాగే చెప్పాను. కొత్తవాళ్లు ఎవరు కనబడ్డా "ఎవలింటోల్లు బిడ్డా?" అని మొదలుపెట్టి, నాలుగు ఊళ్లు తిప్పి చుట్టరికం కలిపే మనిషి. వెంటనే అందుకుంది.

"అయితె గీ కన్వర్ట్ ఎవలింటోల్లు?"

"అదే తెలుస్తలేదవ్వా."

"ఏ ఊరు?"

"ఊరు లేదు."

"ఊరు లేనోనితోని నీకేం పనిరా?"

నవంబర్ 8

ఇంటిపేరు ఊహించి ప్రయత్నించినవి: ఫోటో. పిక్చర్. చేంజ్. ఓపిక నశించి, మా చర్చి పేరు మెథడిస్ట్. ఏదీ లేదు.

‘యూనిట్స్’ అనేది మాత్రం ఎక్కింది! కిలోలను పౌన్లలోకి మారుస్తుంది. గుమ్మడికాయ బరువు పౌన్లలో తెలిసింది. బాపు రాలేదు.

మహిమ: "జాన్సన్‌కు ఒక్క ఫోన్ కొట్టరాదుండ్రి. మీ మానం ఏం పోతది?"

పోతుంది. మొత్తం పోతుంది.

నవంబర్ 10

ఎవరో ఇంటర్నెట్‌లో రాసింది నమ్మి ఇంకో ప్యాకేజీ ఎక్కించాను. తెర మీద ఆవు వచ్చింది. అక్షరాలతో గీసిన బొమ్మ, మనం ఏది రాస్తే అది దాని నోటి దగ్గర మాటలా కనిపిస్తుంది. దాంతో ‘హల్లెలూయ’ అనిపించి అవ్వకు చూపించాను.

"బాపును తెమ్మంటె ఆవును తెచ్చినవేందిరా!"

నవంబర్ 12

దారి దొరికింది! ‘ఆప్ట్-ఫైల్’ అని ఒక కమాండ్ ఉంది. ఏ కమాండ్ ఏ ప్యాకేజీదో చెప్పడమే దాని పని. లినక్స్‌కు మా అవ్వ అన్నమాట. కొట్టాను.

‘ఆప్ట్-ఫైల్: కమాండ్ నాట్ ఫౌండ్.’

అవ్వే తప్పిపోయింది! ఇప్పుడు ఈ ఆప్ట్-ఫైల్ ఏ ప్యాకేజీలో ఉందో వెతకాలి.

మహిమ: "ఆప్ట్-ఫైల్‌లనే ఉంటదేమో."

నవ్వాను. పాపం, అమాయకురాలు. పేరూ ఇంటిపేరూ ఒకటెలా అవుతాయి?

నవంబర్ 15

ఆలోచిస్తే, పండుగకు పాటలు ముఖ్యం, ప్రార్థన ముఖ్యం. ఫోటోదేముంది? పైగా పెద్ద తెర వైరు కూడా సరిగా లేదు. పైగా నాకు నడుము నొప్పి.

అవ్వ చీర ఇస్త్రీ చేయించుకుంది. "మీ బాపు సూస్తడు గదా" అంది.

సిగ్గేసింది.

నవంబర్ 16, ఆదివారం

వేలం సాగుతోంది. సొరకాయ అయింది. వడ్ల బస్తా అయింది. గుమ్మడికాయ తెచ్చి ముందు పెట్టారు. అవ్వ ముందు బెంచీలో మెడ చాచి కూర్చుంది.

ఏదైనా అద్భుతం జరగకపోతుందా అని మళ్లీ కన్వర్ట్ కొట్టాను. పెద్ద తెర ఆన్‌లో ఉన్న సంగతి మరిచిపోయాను.

‘కన్వర్ట్: కమాండ్ నాట్ ఫౌండ్’ అని గోడంత అక్షరాలు.

సంఘ పెద్ద సమ్మయ్య లేచాడు. "ఏందిరా బెంజమినూ! మా తాత కాలం సంది గిదే బెంచీల కూసుంటున్నం. కన్వర్ట్, మతం మారినోడు దొర్కలే అని ఎట్ల రాస్తవ్?"

అంతే. జాన్సన్‌కు ఫోన్ చేశాను. మహిమ స్పీకర్ ఆన్ చేసింది. పక్కనే మైకు ఉంది.

"బావా!" అని చర్చి అంతా మోగింది. "రెండు వారాలాయె, ఒక్క ఫోన్ లేదు! నా మీద కోపమొచ్చిందా?"

"అరేయ్, కన్వర్ట్ ఏ ప్యాకేజీల ఉంటదిరా?"

"ఇమేజ్‌మ్యాజిక్ బావా."

"మ్యాజిక్కా? చర్చిలనా?" అన్నాడు సమ్మయ్య.

పాస్టరయ్య కొంచెం ఆలోచించాడు. "ముందుగాల ఎక్కియ్యి. ఎన్క ప్రార్థన జేద్దాం."

ఎక్కింది. కొట్టాను. బాపు వచ్చాడు. గోడ నిండా బాపే, చేతుల్లో గుమ్మడికాయ, నోటి నిండా నవ్వు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అవ్వ లేచి నిలబడింది. "నవ్వుతుండు సూడుండ్రి. ఇగ పాట నేను పాడుత. గుమ్మడికాయ నాది!"

ఎవ్వరూ పోటీ పాడలేదు. సమ్మయ్య కూడా.

దాన్ని ఒళ్లో పెట్టుకుని అవ్వ నాతో అంది. "గీ మ్యాజిక్కోల్లు మంచోల్లేరా."

ఫోన్ ఇంకా పెట్టేయలేదని అప్పుడు చూశాను. జాన్సన్ గొంతు చిన్నగా ఉంది. "బావా, గప్పుడు సులువైన విండోసే ఎక్కిద్దును. గదెక్కిస్తె నువ్వు నాకెందుకు ఫోన్ చేస్తవ్? పని కాంగనె రూముకచ్చి నీ ఫోన్ కోసమే సూస్త."

మైకులో అందరూ విన్నారు. మహిమ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

నవంబర్ 17, సోమవారం

ఆప్ట్-ఫైల్ ఎక్కించాను. అది ఆప్ట్-ఫైల్ ప్యాకేజీలోనే ఉంది. మహిమకు చెప్పలేదు.

మళ్లీ తీర్మానం! ఇక నుంచి ఏ కమాండ్ ఎవరింటిదో నేనే కనుక్కుంటాను. ఎవరినీ అడగను. కనుక్కున్నాక జాన్సన్‌కు ఫోన్ చేసి, ఏమీ తెలియనట్టు అడుగుతాను.