సుద్దగీతల చుట్టూ

మంగళవారం, వైశాలి నగర్

ట్యూషన్‌కి వచ్చే పింకీ ఇవాళ కూడా ఇంగ్లీషు వాక్యంలో సబ్జెక్టేదో, ఆబ్జెక్టేదో పోల్చుకోలేకపోయింది. గట్టిగా కసిరాను. దాని కళ్ళలో నీళ్ళు చూసి నాకే సిగ్గేసింది. పుస్తకం మూసి, సుద్దముక్కతో నేల మీద "క్రేన్ లిఫ్ట్స్ ద బకెట్" అని రాశాను. ఎత్తే క్రేన్‌కి సున్నా చుట్టి, అది ఎత్తే బకెట్‌కి డబ్బా గీశాను.

"అబ్ సమఝ్ గయీ, దీదీ!" అంది, ఇప్పుడర్థమైందక్కా అని.

ఆ వాక్యం నాన్నది. ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపి ఇంటికొచ్చి, ఇనుము మీద గుర్తులు పెట్టే సుద్దతో క్వార్టర్ నేలంతా ఇలాగే నింపేవాడు. ఒక్కసారీ కసరలేదు. "పిల్ల పరీక్ష అయ్యేదాకా తుడవకే" అని అమ్మకి చెప్పేవాడు. ఇంగ్లీషు అక్షరం రాని అమ్మ, వారమంతా ఆ గీతల చుట్టూ తడిగుడ్డ పెట్టేది. నాన్న పోయాక నేల మీద ఎవరూ ఏమీ రాయలేదు. ఆయన ఓపిక నాకెందుకు రాలేదో...

పింకీ వెళ్ళాక అమ్మ గది తుడవడానికొచ్చి, ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది.

"ఏటే, ఆ పిల్లకి పరీక్ష ఎప్పుడు?"

"శుక్రవారం అమ్మా."

అమ్మ గుడ్డ పిండుకుని, గీతల చుట్టూ తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.