గొంతుకు ఆరు వారాల సెలవు

7 జూన్ 1993, సోమవారం

నాగేశ్వరి గొంతులో కాయలున్నాయట. నాడ్యూల్స్. డాక్టరు చిన్న అద్దం లోపలికి పెట్టి చూసి, ఆరు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నాడు. గుసగుస ఇంకా చెడ్డదట. తగ్గకపోతే ఆపరేషన్. ఆ తర్వాత ఇదే గొంతు తిరిగొస్తుందని తను రాసివ్వలేనన్నాడు.

నా కోడలి బతుకంతా ఆ గొంతు. పదకొండేళ్లుగా డబ్బింగ్ చెబుతోంది. తెర మీద పద్దెనిమిదేళ్ల పిల్ల వెక్కివెక్కి ఏడుస్తుంటే జనం కళ్లు తుడుచుకుంటారు. ఏడ్చేది డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు నిలబడ్డ ముప్ఫై ఆరేళ్ల నాగేశ్వరి. జూలై ఆఖర్లో పెద్ద సినిమా ఉంది. ఆ హీరోయిన్‌కి తెలుగులో నమస్కారం ఒక్కటే వచ్చునట. మిగతాదంతా మా ఇంటినుంచే వెళ్లాలి.

మనవరాలు సత్యలక్ష్మికి డాక్టరు ఒక డ్యూటీ వేశాడు. అమ్మ మాట్లాడినప్పుడల్లా క్యాలెండర్లో ఆ తేదీ కింద ఒక గీత గీయాలి. తొమ్మిదేళ్ల పిల్ల, అప్పుడే పోలీసు మొహం పెట్టింది.

రామకృష్ణ ఎడిటింగ్ పనిమీద మద్రాసులో ఉన్నాడు. ఫోన్ చేసి, అమ్మా, నువ్వే కాస్త చూసుకోవాలి అన్నాడు. ముప్ఫై ఒక్కేళ్లు గుడివాడలో హైస్కూలు నడిపాను. వెయ్యిమంది చేత నోరు మూయించాను. ఒక్కదాన్ని చూసుకోలేనా!

10 జూన్

పిల్లదాని పాత పలక మెడలో తగిలించుకుని తిరుగుతోంది. ఏమడిగినా రాసి చూపిస్తుంది. కళ్లజోడు లేకుండా నాకు కనపడదు. కళ్లజోడు ఎక్కడ పెట్టానో కూడా కళ్లజోడు లేకుండా కనపడదు. నోటితో చెప్పు, ఒక్క మాటకి కొంపలంటుకోవులే అన్నాను. పప్పు కుక్కర్లో ఉందని చెప్పింది. కొంపలంటుకోలేదు.

14 జూన్, ఉదయం 6 గంటలు

గేటు చప్పుడుకి లేచాను. నాగేశ్వరి చెప్పుల్లేకుండా నడిచిపోతోంది. మా వీధి ప్లాట్లు అయిపోయాక షేక్‌పేట వైపు అన్నీ గుట్టలే. ఏనుగులంతేసి రాళ్లు ఒకదాని మీద ఒకటి. ఎవరో సర్దుతూ సర్దుతూ విసుగొచ్చి వదిలేసినట్టుంటాయి. అక్కడికి వెళ్లింది.

అక్కడేముందో నాకు తెలుసు. వీరరాఘవయ్య ఉన్నాడు. రిటైరైన మేకప్‌మన్. నలభై ఏళ్లు సినిమాల్లో అందరికీ ఋషుల గడ్డాలు అంటించి, ఇప్పుడు సొంతానికి ఒకటి పెంచుకున్నాడు. గుట్ట మీద పెద్ద రాయి దగ్గర రోజూ తెల్లవారుజామున శిలాసన్నిధి అని నడుపుతున్నాడు. ఇద్దరు నిర్మాతల భార్యలు, ఒక బ్యాంకు మేనేజరు, రెండు రోజులే ఆడిన సినిమా తీసిన ఒక డైరెక్టరు. మారుతీ కార్లు కింద ఆపుకుని ఆఖరి వంద గజాలూ పాదయాత్ర చేస్తారు.

డాబా మీద నిలబడితే ఓంకారం వినిపిస్తోంది. అందరూ గొంతు చించుకుంటున్నారు. కాయలున్న గొంతును ఎవరైనా ఇలాంటి చోటికి తీసుకెళ్తారా?

15 జూన్

మళ్లీ వెళ్లింది. ఓంకారం తొమ్మిదిసార్లు.

19 జూన్

గొంతు ఇంకా బొంగురుపోయింది. రేడియోలో స్టేషను కుదరనట్టుంది. ఆ గుట్ట మీద నీకేం పని అని అడిగాను. పలక తీసింది. పలక పక్కకు తోసి, నోరు లేదా అన్నాను. అక్కడ నాకు బాగుంటుందండీ అత్తయ్యగారూ అంది. ఇక్కడ బాగుండదా అన్నాను. జవాబొచ్చేదాకా వదిలే అలవాటు నాకు సర్వీసులోనే లేదు. నాలుగుసార్లు అడిగాను. నాలుగోసారి, మీకో దణ్ణం, నన్నొదిలేయండి అని అరిచి వంటింట్లోకి పోయింది.

సాయంత్రం వీరరాఘవయ్య మా గేటు ముందు నుంచే పోతుంటే ఆపాను. శిలలో స్పందన ఉంటుంది తల్లీ, మనలోని వ్యాధిని అది తనలోకి లాగేసుకుంటుంది అన్నాడు. గ్రానైటులో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, మైకా ఉంటాయి, నేనే పాఠం చెప్పాను, స్పందన అనే ఖనిజం సిలబస్‌లో లేదు అన్నాను. మీకు కోపం ఎక్కువ తల్లీ, మీరూ ఒకసారి వచ్చి కూర్చోండి అన్నాడు. మీ గడ్డానికి దువ్వెన కావాలంటే మా ఇంట్లో ఉంది అన్నాను. నవ్వుతూ పోయాడు. నవ్వేవాణ్ణి తిట్టి ప్రయోజనం లేదు.

21 జూన్

డాక్టరు దగ్గరికి నేనూ వెళ్లాను. వాపు పెరిగింది. ఇంకో నాలుగు వారాల్లో తగ్గకపోతే కత్తే అన్నాడు. జూలై సినిమా సంగతి అడిగితే పెదవి విరిచాడు. ఇంత చెప్పినా ఈమె చేత ఎవరమ్మా మాట్లాడిస్తున్నది అని అడిగాడు. నాగేశ్వరి గోడమీద చెవి బొమ్మ చూస్తూ కూర్చుంది. గుట్టమీద రాయి ఒకటుంది డాక్టరుగారూ, అదే అరిపిస్తోంది అన్నాను.

ఆటోలో ఇంటికొచ్చేదాకా నా వైపు చూడలేదు. కృష్ణానగర్ దగ్గర ట్రాఫిక్ ఆగినప్పుడు కళ్లు తుడుచుకుంది. చప్పుడు కాకుండా ఏడవటం ఆమెకి వచ్చని అప్పటిదాకా నాకు తెలియదు. తెర కోసం ఎప్పుడూ చప్పుడుతోనే కదా.

22 జూన్

మా ఇంట్లో గిన్నెలు తోమే బాలమణిది షేక్‌పేట. ఆ గుట్ట సంగతేమిటే అని కదిపాను. భగ్గుమంది. గది మా మైసమ్మ రాయమ్మా, మా తాత రాళ్లు కొట్టే కాలంకెల్లి ఉంది అంది. యాటపోతును కోస్తం, కల్లు పోస్తం, గప్పుడు అడుగుతం. గీళ్లు ఉత్త చేతులతోని వచ్చి కండ్లు మూసుకుంటరు. తల్లికి పెట్టనోనికి తల్లి ఎందుకిస్తది అంది.

దేవుడి విషయంలో ఇంత సూటిగా మాట్లాడిన మనిషిని నేను చూడలేదు. ఎల్లుండి నన్నక్కడికి తీసుకుపో అన్నాను. కోడల్ని జుట్టుపట్టుకుని ఈడ్చుకొస్తరా ఏంది అంది. అవసరమైతే అన్నాను.

24 జూన్, ఉదయం 10 గంటలు

గుట్ట దిగి ఇప్పుడే వచ్చాను. రాసేయాలి.

అయిదున్నరకి బాలమణి చెయ్యి పట్టుకుని ఎక్కాను. కళ్లజోడు పెట్టుకునే వెళ్లాను. రాత్రి వాన పడి రాళ్లు నల్లగా ఉన్నాయి. దూరాన ఎవరిదో కొత్త బంగళా పునాదికి రాళ్లు పేల్చిన చోట గుట్టకి సగం మొహం లేదు. పెద్ద రాయి మాత్రం అలాగే ఉంది. రెండంతస్తుల ఇల్లంత. కింద ఒక మూల పసుపూ కుంకుమా పూసిన చిన్న రాయి. బాలమణి ముందు దానికి దణ్ణం పెట్టి, తర్వాత శిలాసన్నిధి జనాన్ని చూసి పక్కకి ఉమ్మింది.

వాళ్లంతా తూర్పు ముఖంగా కూర్చుని ఓం అంటున్నారు. బ్యాంకు మేనేజరుకి శ్రుతి లేదు. నాగేశ్వరి వాళ్లలో లేదు. దొరికిపోతానని ముందే పారిపోయిందనుకున్నాను. గీడ కాదమ్మా, మీ కోడలు గీళ్లతోని ఎన్నడు కూసోదు, అవుతలికి రా అని బాలమణి రాయి చుట్టూ తిప్పింది.

పడమటి వైపు ఒక్కతే ఉంది. వీపు రాయికి ఆనించి, కాళ్లు చాపుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని. నోరు మూసి ఉంది. కళ్లు మూసి ఉన్నాయి. పన్నెండేళ్ల నుంచీ ఆ మొహం చూస్తున్నాను. అందులో భయం లేకుండా చూడటం ఇదే మొదలు. పెళ్లిచూపుల్లో కూడా భయపడింది. అప్పుడూ ప్రశ్నలు అడిగింది నేనే.

కళ్లు తెరిచి నన్ను చూసింది. లేవలేదు. ఏం చేస్తున్నావిక్కడ అని అడగబోయాను. ఈలోపే పలక తీసి రాసింది. కళ్లజోడు ముక్కుమీదే ఉండటం వల్ల చదవక తప్పలేదు.

ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగరు.

అంతే రాసి ఉంది. కూర్చోవడానికి చోటు చూసుకుని నేనూ రాయికి ఆనుకున్నాను. రాత్రి వాన పడ్డా ఆ వైపు రాయి గోరువెచ్చగానే ఉంది. పెద్ద రాయిలో వేడి తొందరగా పోదు. అది ఫిజిక్సు. అయినా లేవబుద్ధి కాలేదు.

అదే రోజు, మధ్యాహ్నం 3 గంటలు

సత్యలక్ష్మి బడినుంచి రాకముందే క్యాలెండర్ చూశాను. మామూలు రోజున ఇరవై, పాతిక గీతలు. పందొమ్మిదో తేదీన గడి చాలక గీతలు పక్క తేదీలోకి వెళ్లాయి. పిల్ల వచ్చాక, ఇవన్నీ ఎవరితో మాట్లాడిందే మీ అమ్మ అని అడిగాను.

అన్నీ నీకు జవాబులే నానమ్మా అంది. ఒక్కటి మాత్రం బల్లి మీద పడ్డప్పుడు.

మరి నాకెందుకు చెప్పలేదే అన్నాను. డాక్టరు నన్ను గీయమన్నాడు, చెప్పమన్లేదు అంది. ఈ ఇంట్లో నా పోలిక వచ్చింది దానికొక్కదానికే.

25 జూన్

నోరు మూసుకున్నాను. తొమ్మిదిన్నర దాకా.

26 జూన్

పదీ పది వరకు. అప్పుడు కూడా అడగలేదు. ఉప్మాలో జీడిపప్పు ఎందుకు వేశారో అని గాల్లో అన్నాను. గాలికే అన్నాననుకుంటే నాగేశ్వరి వినిపించుకుంది, సమాధానం చెప్పబోయి నోరు మూసుకుంది. పక్కనే పిల్ల పెన్సిలు పట్టుకుని నిలబడి నా వంక చూసింది. గీత గీయాల్సిన మనిషి ఎవరో దానికి తెలిసిపోయింది.

నాకు చేతకాదు. ఒప్పుకుంటున్నాను. ఇది డైరీ కాబట్టి ఒప్పుకుంటున్నాను.

28 జూన్

ఏర్పాటు మార్చాను. నాగేశ్వరి ఇంట్లో ఉంటుంది. గుట్టకి నేను వెళ్తాను. టిఫిన్ డబ్బా, గొడుగు, మంచినీళ్ల సీసా. పొద్దున అయిదింటికి వెళ్లి, పిల్ల బడి నుంచి వచ్చే వేళకి దిగుతాను. ఎక్కించేదీ దింపేదీ బాలమణి. పలక మీద నాగేశ్వరి ఎందుకని రాసింది. నీకు తెలుసు అన్నాను. దానికి జవాబు అక్కర్లేదు.

రాయి ముందు కూర్చుని అడగడం మొదలుపెట్టాను. గ్యాస్ బుక్ చేశావా. పిల్లకి నూనె రాశావా. పాలవాడికి చెప్పావా. మీ ఆయన ఫోన్ చేస్తే నాకెందుకు ఇవ్వలేదు. రాయి అన్నీ విన్నది. మధ్యాహ్నానికి అడగడానికి సరుకు అయిపోయింది. అప్పుడు, నేను ఏమీ అడక్కపోతే ఆ ఇంట్లో నేనున్నానని ఎవరికి తెలుస్తుంది అని అడిగాను. అది ఇంతకుముందు ఎవర్నీ అడగలేదు. అప్పటికి పని ముగించుకుని వచ్చిన బాలమణి, గసుంటివి మైసమ్మనే అడగాలె అంది.

2 జూలై

వీరరాఘవయ్య వచ్చి, తల్లీ, సాధకులకు భంగమవుతోంది, మౌనం పాటించండి అన్నాడు. గొంతు బాగున్న వాళ్లు మాట్లాడుకోవచ్చని డాక్టరే అన్నాడు అన్నాను. ఈ శిల అందరిదీ కదా అన్నాడు. కాదు, బాలమణి వాళ్లది, ఆమెను అడిగి కూర్చోండి అన్నాను. బాలమణి నడుం మీద చేతులు పెట్టుకుని, యాటపోతు తెచ్చినవా సామీ అంది. గడ్డం కూడా పాలిపోయింది. రేపట్నుంచి అవతలి గుట్ట మీద ఇంకో రాయి చూసుకుంటున్నారట. అక్కడైనా బ్యాంకు మేనేజరుకి శ్రుతి దొరికితే బాగుండు.

5 జూలై

ఒక కాయ పోయింది. రెండోది సగమైంది. ఏం చేశారమ్మా అని డాక్టరు నన్నడిగాడు. రాయి చలవ అన్నాను. వెటకారం అనుకుని నవ్వాడు.

11 జూలై

వాన. గొడుగు కింద కూర్చుని గంటసేపు ఏమీ అడగలేదు. బాలమణి ఒంట్లో బాగలేదా అంది.

19 జూలై, సోమవారం

కాయలు లేవు. ఇవాళ్టికి అయిదు నిమిషాలు మాట్లాడొచ్చని డాక్టరు అన్నాడు.

ఇంటికొచ్చి నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. అయిదు నిమిషాలూ నాకే ఖర్చు పెట్టింది. పన్నెండేళ్ల బాకీ. ఒక్క మంచి మాట లేదు.

ఎక్కడా బొంగురు లేదు.