ఊరికి ఎర్రరంగు

బావా,

రేపు నీ సంవత్సరీకం. చదివి బుకాయించడానికి నువ్వు లేవు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

మా నాన్న పెద్దకర్మకి నువ్వు రాలేదు. వైజాగులో రంగుల పని వదలడం లేదన్నావు. ఆ సాయంత్రమే జట్టువాళ్లతో దిగిన ఫొటో స్టేటస్‌లో పెట్టావు. దాని కింద ‘పెయింట్ ద టౌన్ రెడ్’ అని ఇంగ్లీషులో రాశావు.

“ఏటి బావా అది?” అని ఫోనులో అడిగాను.

“ఊరికి ఎర్రరంగు ఏసినామని రాసేనే” అన్నావు.

పెయింటరువి కదా, నమ్మాను. బొబ్బిలి చుట్టాలందరి దగ్గరా అదే చెప్పి నిన్ను వెనకేసుకొచ్చాను.

నిన్న విజయనగరం కాలేజీలో ఇంగ్లీషు మాస్టారు ఆ మాటకి అర్థం అడిగితే మన అమ్మాయి చెయ్యెత్తిందట. “మా నాన్న పెయింటరండి. వైజాగులో ఒకసారి ఊరంతా ఏసేరండి” అందట. క్లాసంతా ఒకటే నవ్వట. పట్టపగ్గాల్లేకుండా తాగి తిరిగి జల్సా చేయడమని దాని అర్థమట. ఎప్పుడో ఇంగ్లండులో ఒక జమీందారు స్నేహితులతో తాగి, ఊళ్లో తలుపులకి ఎర్రరంగు పూశాడని, ఆ మాట అక్కణ్ణుంచే పుట్టిందని కథ చెప్పారట.

ఆ ఇంగ్లీషు మాటకి నువ్వు చెప్పిన తెలుగులో ఒక్క ముక్కా అబద్ధం లేదు. నాకు మండుతున్నది అందుకే.

“ఆ ఫొటో తాత కర్మ రోజుదేనా అమ్మా?” అని అడిగింది పిల్ల.

“మాస్టారికేటి తెలుసే? మీ నాన్న నిజంగా రంగే ఏసేడు” అన్నాను.

నువ్వు నాకు చెప్పిన మాటే అప్పజెప్పాను బావా. అప్పుడు నేను నమ్మాను. అది నమ్మలేదు.