శ్రీజ రంగు వేసిన నౌక

మచిలీపట్నం.

తమ్ముడు సాయిబాబుకి అక్క ఆశీస్సులు. ఇక్కడ మేమంతా కులాసా. అమ్మ తన మోకాళ్ల నొప్పుల మీద కారాలు మిరియాలు నూరుతూనే హంసలదీవిలో చేపలు ఎండబెడుతోంది. మీ ఆవిడ రాఘవమ్మ అవనిగడ్డ సంతకి పోయి వస్తూనే ఉంది. అంత దూరాన గుజరాత్‌లో నీ దగ్గు తగ్గిందని రాస్తే మేం ఇంకా బాగుంటాం.

ఫోనుండగా ఉత్తరమెందుకంటావేమో. ఫోన్లో నేను గొంతు పెంచుతాను, నువ్వు పెట్టేస్తావు. కాగితం మీద ఎంత అరిచినా చివరిదాకా వినాల్సిందే.

కిందటి ఉత్తరంలో అడిగావు: "శ్రీజ గుడివాడలో బ్యాంకు కోచింగుకి సరిగ్గా వెళ్తోందా? ఆ బొమ్మల పిచ్చి వదిలిందా? పడవలకి రంగులేసి నేను ఊపిరి పాడుచేసుకుంది చాలదా అక్కా, అది కూడా రంగు పీల్చాలా?" చివరి దానికే ముందు జవాబు చెప్తాను. నాకు కోపం తెప్పించింది అదే.

నీ ఊపిరి పాడుచేసింది రంగు కాదురా. కిటికీ లేని షెడ్డులో థిన్నరు గుప్పుమంటుంటే, మూతికి తువ్వాలు కట్టుకుని రంగు చిమ్మే గన్ను పట్టుకోమన్నాడే, ఆ యజమాని. మాస్కు అడిగినవాణ్ణి "రేపట్నుంచి రావద్దు" అన్నాడే, వాడు. వాణ్ణి నువ్వు పల్లెత్తు మాట అనవు. వాడి పాపం రంగు నెత్తిన రుద్ది, ఆ రంగుని నీ కూతురికి నిషేధిస్తావు. ఇదే మాట మా కార్మిక సంఘం మీటింగులో అంటే చప్పట్లు కొడతారు. నీతో అంటే ఫోన్ పెట్టేస్తావు.

ఇక శ్రీజ సంగతి. కోచింగు మానేసింది. మానిపించింది నేనే. అరవకు, చదువు. ఉన్న నాలుగు ఉద్యోగాల కోసం ఊరంత మంది పిల్లల్ని ఒకే గదిలో కుక్కి, ఒకే లెక్క వల్లె వేయించి, రానివాళ్లని "నీకు తెలివి లేదు" అని ఇంటికి పంపే వ్యాపారం అది. అక్కడ అది ఎండిపోతోంది. తీసుకొచ్చి బందరులో నా దగ్గర పెట్టుకున్నాను.

హైదరాబాదులో సినిమాలకి చిన్న చిన్న నమూనాలు చేసే వర్క్‌షాపు ఒకటుంది. పనిలోకి తీసుకునేముందు పరీక్షగా ఒక బొమ్మ పంపుతారు. శ్రీజకి మూరెడు పొడుగు అంతరిక్ష నౌక వచ్చింది, గ్రహాల మధ్య సరుకు మోసేది. ముక్కలు అతికించి రంగు వేసి పంపాలి.

రంగు ఏరటం దగ్గరే మాకు యుద్ధం. ఘాటు థిన్నరుతో కలిపే రంగు గట్టిగా పట్టుకుంటుందట, పనివాళ్లు చాలామంది అదే వాడతారట. ఇది మాత్రం నీళ్లతో పలచన చేసే ఆక్రిలిక్కే కావాలంది. ఎందుకే అంటే, "నాన్న దగ్గు విన్నదాన్నత్తా" అంది. అది కూడా తుంపర కొడితే పీల్చకూడదని చెప్పి, గాలి వడకట్టే డబ్బాలున్న మాస్కు పెట్టుకుని, కిటికీకి గాలి బయటికి లాగే ఫ్యాను బిగించాకే ఎయిర్‌బ్రష్ ముట్టుకుంది. పెన్నంత ఉంటుందిరా అది, నీ గన్నుకి మనవరాలనుకో.

నౌకకి ఎర్రరంగు వెయ్యమన్నాను. మోసేది కూలీలే కదా!

"ఇది నీ జెండా కాదత్తా, బండి" అంది.

"అయితే తెల్లగా కొట్టు."

"మల్లెపువ్వు తెలుపు కొడితే అంగట్లో బొమ్మలాగుంటది. అంత చిన్నదాని మీద అసలు తెలుపు తెలుపులా కనపడదు. కాస్త బూడిద, చిటికెడు గోధుమ కలపాలి. మెరుపు ఉండకూడదు."

కలిపి, పలచటి పాలలా చేసి, దూరం నుంచి పొరమీద పొర, ఒకటి ఆరాకే ఇంకోటి. ఊరికే చూస్తూ కూర్చునేదాన్ని. జిల్లాలో ఏ సభలోనూ నన్ను అంతసేపు నోరు మూయించినవాడు లేడు.

తప్పు కూడా జరిగింది. ఇంజను భాగానికి నల్లరంగు కలిపేటప్పుడు నీళ్లు అయిపోతే నేనే చెంబుతో తెచ్చిచ్చాను, మా బోరువి. బందరు బోరు సంగతి నీకు తెలిసిందేగా. ఆరాక చూస్తే నల్లటి దానిమీద తెల్లగా ఉప్పు పూసింది, వేటనించి వచ్చిన పడవలాగా. నేను ఓటమి ఒప్పుకుంటానా? "బ్రహ్మాండంగా ఉంది, సముద్రం చూసిన ఓడలాగుంది, ఉంచెయ్" అన్నాను.

"ఆకాశంలో సముద్రం ఎక్కడుందత్తా?" అంది. కళ్లనిండా నీళ్లు, పెదాల మీద నవ్వు. మొత్తం గీకేసి, క్యాను నీళ్లు తెచ్చి మళ్లీ మొదలెట్టింది. చివరికి వాడిన బండిలా కనపడాలని గోకుడు గీతలు వేసింది, అంతటా కాదు, సరుకు ఎక్కించే తలుపు అంచుల్లో, మనుషుల చేతులు తగిలేచోట మాత్రమే. పరీక్ష నెగ్గింది. వచ్చే నెల మొదట్లో చేరమన్నారు. వర్క్‌షాపులో గాలి లాగే గదులున్నాయా, మాస్కులిస్తారా అని నేనే వెళ్లి చూసొచ్చాను. ఉన్నాయి, ఇస్తున్నారు. ఇవ్వకపోతే ఏం చేసేదాన్నో నీకు తెలుసు.

ఇప్పుడు అసలు మాట. ఇంతసేపూ దీని చుట్టూనే తిరిగాను.

ఆ పార్సిలు వచ్చినప్పుడు శ్రీజ విప్పలేదు. బల్లమీద అలాగే పెట్టింది. "నాన్న వద్దన్నది నేను ముట్టుకోను" అంది. నా వాదనలన్నీ వాడాను. స్వేచ్ఛ అన్నాను, హక్కు అన్నాను. అన్నీ విని, "నువ్వు చెప్పేది నిజమే అత్తా. కానీ నాకు నాన్న చెప్పాలి" అంది. మళ్లీ ఎదురుగా కూర్చుని పార్సిలు వైపు చూడటం. చూడలేకపోయాను తమ్ముడూ. "మీ నాన్నతో మాట్లాడాను. మొదట గునిశాడు, తర్వాత సరేలే వెయ్యమను అన్నాడు" అని చెప్పాను.

ప్రభుత్వాల అబద్ధాల మీద కరపత్రాలు రాసేదాన్ని. దాని మొహంలో వెలుగు చూశాక నిజం చెప్పలేకపోయాను. రాఘవమ్మకి చెప్తే, "మీ తమ్ముడి దగ్గర మీరే తేల్చుకోండి వదినా, నన్ను కలపొద్దు" అంది.

కోచింగు మానిపించినందుకు నాకు విచారం లేదు. నీ పేరు వాడుకున్నందుకు ఉంది. ఆ నౌక మీద ప్రతి పొర కిందా నువ్వు అనని మాట ఒకటి ఉంది.

నీకు ఫోన్ చేస్తానని గోల పెడుతోంది. నీ ఫోను రిపేర్లో ఉందని ఇంకో అబద్ధం ఆడి ఆపాను. ఈ ఉత్తరం అందగానే నాకొక మిస్డ్ కాల్ ఇవ్వు. అప్పుడు "మీ నాన్న ఫోను బాగైందే" అని దానికి చెప్తాను. అది నీకు ఫోన్ చేస్తుంది. ఎత్తగానే "థాంక్స్ నాన్నా" అంటుంది.

నన్ను తిట్టాలంటే తర్వాత తిట్టు, పడతాను. ముందు దానికి జవాబు చెప్పు.

ఇట్లు,
అరవటం ఆపి ఫోను పక్కన పెట్టుకు కూర్చున్న
నీ అక్క,
సాయిదుర్గ